బావికి పూల పలక

ఎడారి ఎండల చాండ్లర్‌లో మా మనవరాలికి స్కూల్లో డెర్బీషైర్ వచ్చింది. క్లాసులో ఒక్కొక్కరికీ ఇంగ్లండులోని ఒక్కో జిల్లా ఇచ్చారట. సోమవారం నిలబడి దాని గురించి చెప్పాలి. నేను ఐదో తరగతితో బడి మానేసినదాన్నే గాని, చిన్నకూతురి దగ్గర అక్కడ ఒక వేసవంతా ఉన్నాను.

"బీచ్ ఉందా అమ్మమ్మా?"

"సముద్రమే లేదు. ఉత్తరాన గుట్టలు, దక్షిణాన పొలాలు. సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు. గొర్రెలు. గేటు తీసినవాళ్ళే వెయ్యాలి, లేకపోతే తిడతారు."

"నిన్ను తిట్టారా?"

"రెండుసార్లు."

అన్నిటికంటే దానికి నచ్చింది బావుల పండగ. నీళ్ళిచ్చినందుకు, చెక్కపలక మీద బంకమన్ను మెత్తి, పూలరేకులు అద్ది, బొమ్మ కట్టి బావి దగ్గర నిలబెడతారు. నా ఈడు ఆవిడ ఒకరు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మాట కలవకపోయినా బొటనవేలితో చూపించింది: కింది వరస నుంచి మొదలుపెట్టాలి, పెంకుటింటి కప్పులాగా. అప్పుడు వాన జారిపోతుంది.

"మనమూ చేద్దాం!"

మన్ను కొనక తప్పలేదు. పూలు మాత్రం కొననివ్వలేదు. పెరట్లో కాగితంపూలు, బంతిరేకులు, వంటింట్లో కందిపప్పు, మెంతులు. బొమ్మలో గొర్రెకి మినప్పప్పు. ఆదివారం పొద్దున్నే పలక తయారైంది.

ఆ తర్వాత తప్పు నాదే. పచ్చిగా ఉన్నది ఏదైనా ఎండబెట్టడం నా చేతికి అలవాటు. పెరటి గోడ మీద పెట్టాను. గంటలో మన్ను నెర్రెలిచ్చింది. గొర్రె రెండు ముక్కలైంది.

"ఓ మై గాడ్ అమ్మమ్మా! ఇది వడియం కాదు! రేపే నా ప్రెజెంటేషన్!"

"ఏడిస్తే అతుక్కుంటుందా?" అని కసిరాను. అప్పుడు గుర్తొచ్చింది. డెర్బీషైర్ ఆవిడ పలకని ముందు నానబెట్టింది, మన్నులో ఉప్పు కలిపింది. తడి ఆరకూడదనే. అక్కడ రోజూ వానే కాబట్టి నేను పట్టించుకోలేదు.

పప్పులు ఏరి, మన్ను నలగ్గొట్టి, ఉప్పునీళ్ళు పోసి, బాత్‌టబ్‌లో దాని చేత తొక్కించాను. "యక్!" అంటూనే నవ్వింది. ఈసారి రేకులన్నీ అదే అద్దింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. తడిగుడ్డ కప్పి, పెరుగుగిన్నె తీసేసి మరీ ఫ్రిజ్‌లో పెట్టాం.

సోమవారం వస్తూనే బ్యాగు విసిరేసింది.

"టీచర్ దాన్ని వాటర్ ఫౌంటెన్ పక్కన పెట్టింది! థర్స్టీ కాకపోయినా అందరూ లైన్‌లో నిలబడ్డారు!"

"గొర్రెని గుర్తుపట్టారా?"

"ఒకమ్మాయి డాగ్ అంది."

"చెప్పకపోయావా?"

"చెప్పా. గొర్రె అనేదాకా వాటర్ తాగనివ్వలేదు."