ఫోన్ వైద్యం నిజమా అని నానక్‌రామ్‌గూడ పోయి చూశాను

మా ఆయన బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి కుడి చెయ్యి లేవదు, మాట మధ్యలో ఆగిపోతుంది. దవాఖాన నుంచి వచ్చాక ఫోన్‌లో వైద్యం పెట్టించాం. తెర మీద ఒక మేడం కనబడి చెయ్యి ఎత్తమంటుంది, బొమ్మల పేర్లు చెప్పమంటుంది. ఆ అరగంట నన్ను మాత్రం బయట కూర్చోమంటుంది. మొన్న, "యాదయ్య గారు సొంతంగా తింటున్నారు, మీరు పనిలోకి వెళ్లొచ్చు" అన్నది. పూటపూటా తినిపించేది నేను. ఆ మాట నమ్మి పనికి పోతే మనిషి పగలంతా పస్తుంటాడు. పోకపోతే సోమవారం నుంచి నా పని ఉండదు. అందుకే ఆమెను ఎదురుగా చూద్దామని బయలుదేరాను.

ఆయన ముందు ఫోన్ పెట్టే పని పక్కింటి శ్యామలకు అప్పజెప్పి, పదిన్నరకు మూసాపేటలో మెట్రో ఎక్కాను. అమీర్‌పేటలో రైలు మారాలి. బోర్డులు తెలుగులోనూ ఉంటాయి. యాభై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, కూడబలుక్కుని నేనే చదివాను. రాయదుర్గంలో దిగి షేర్ ఆటో ఎక్కాను.

పక్కన ఒక సెక్యూరిటీ గార్డు కూర్చున్నాడు. "ఏడికి పోతున్నవ్ పెద్దమ్మా?"

"ఫోన్‌ల వైద్యం చేస్తరట. ఆఫీసు ఉందో లేదో చూద్దామని."

"పైసలు ముందే కట్టినవా?"

"కట్టిన."

"అయితే జల్ది పో."

అద్దాల మేడ అనుకున్నాను. తీరా చూస్తే నానక్‌రామ్‌గూడ పాత ఊరి గల్లీలో, కర్రీ పాయింట్ పైన రెండు గదులు. మంచం లేదు, మందు వాసన లేదు.

"గిదేం దవాఖాన?" అన్నాను.

"మా పేషెంట్లు వాళ్ల ఇళ్లలోనే ఉంటారండి" అన్నది మేడం. ఫోన్‌లో కనిపించినంత పొడుగు లేదు.

"ఆయన తినంగ నేను చూడలే. నువ్వెట్ల చూసినవ్?"

"పన్నెండున్నరకు ఆయన కాల్ ఉంది. ఆయన ఒప్పుకుంటేనే మీకు చూపిస్తాను."

తెర మీద మా ఇల్లు కనబడింది. శ్యామల పెట్టిన కంచం ముందు ఆయన.

"యాదయ్య గారూ, మీ ఆవిడ ఇక్కడే ఉన్నారు. చూడమంటారా?"

ఆయన తలూపాడు.

ఇది పాత వీడియో కాదని నమ్మకమేంది? "ఇయ్యాల కూరేంది?" అని అడిగాను.

"బీర... కాయ."

పొద్దున నేను వండినదే.

అప్పుడు ఎడమ చెయ్యి కంచంలో పెట్టాడు. అన్నం కలిపాడు. మెతుకులు ఒళ్లో రాలాయి. ముద్ద నోటికి చేరింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన కొత్తలో ఆ చెయ్యే కంచం వైపు వస్తే, "ఎడమ చేత్తో తింటరా ఎవరన్నా?" అని పట్టి ఆపాను. ఇప్పుడూ అదే మాట నోటిదాకా వచ్చింది.

ఆయన తల ఎత్తి, "తిట్... టకు" అన్నాడు.

"తిను" అన్నాను.

"నాకెందుకు చెప్పలే?" అని మేడంని నిలదీశాను.

"ఆయనే వద్దన్నారమ్మా."

రెండింటికి తిరుగు ఆటో, మళ్లీ మెట్రో. నా అనుమానం మొత్తం పోలేదు. చెయ్యి పట్టి చూడని వైద్యం ఎంతవరకు పనిచేస్తుందో చెప్పలేను. కానీ తెర అవతల ఒక మనిషి ఉంది, ఆమె చెప్పింది అబద్ధం కాదు. మీరు పోయేటట్టయితే మీవాళ్ల కాల్ ఉన్న వేళకే పోండి.

రాత్రి అన్నం పెట్టాను. ఆయన ఎడమ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. కంచం ఆ చేతి పక్కకు జరిపి, నా కంచం తెచ్చుకొని ఎదురుగా కూర్చున్నాను.