దేవరాజులు గారి ఐదు నిమిషాలు

పెరంబూరు దేవరాజులు గారికి లోకంలో ఉన్నది ఒకటే అనుమానం: బ్రేకు పడుతుందా, పడదా? రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు బ్రేకులు పరీక్షించి రిటైరయ్యారు. అయినా కదిలేది ఏది కనబడినా ముందు బ్రేకు వేయించాలి, ఐదు నిమిషాలు చేతిగడియారం చూడాలి, పట్టు సడలలేదని తేలాకే "ఊ, రైట్!" అనాలి.

పెరంబూరు ఆటోవాళ్ళు ఆయన్ని చూస్తే సందులోకి తిప్పుకునేవారు. మనవరాలు కార్తీక మొదటిరోజు బడికి వెళ్ళిన రిక్షాకు కూడా పరీక్ష తప్పలేదు. లోపల పిల్ల ఆరున్నొక్క రాగం తీస్తుంటే ఈయన బయట గడియారం చూస్తూ నిలబడ్డారు. కూతురు సునయన పెళ్ళిలో మరీ ఘోరం. పెళ్ళికూతురు కారులో కూర్చుని ఏడుపు దిగమింగుకుంటోంది, ఈయన కారు ముందు అడ్డంగా నిలబడ్డారు.

"ముహూర్తం మించిపోతుందయ్యా!" అని పురోహితుడు మొత్తుకున్నాడు.

"బ్రేకు పట్టకపోతే మీ ముహూర్తం వచ్చి ఆపుతాదా సామీ?"

అలాంటి తాతని వెంటబెట్టుకుని, ఇప్పుడు పెద్దదైన కార్తీక ఆ ఆదివారం పొద్దున చెన్నై దగ్గరి కోవళం వచ్చింది. వెంటబెట్టుకుని అనడం మర్యాదకి. ఆయనే ముందుగా ఆటోలో కూర్చున్నారు. కోవళంలో చేపల వలలు ఎండే చోటే సర్ఫింగ్ పలకలూ ఎండుతుంటాయి. అలల మీద నిలబడే పిల్లల్ని చూడటానికే చెన్నై నుంచి జనం వస్తారు. కార్తీక నేర్చుకోవడానికి వచ్చింది. నీళ్ళంటే ఆమెకి చచ్చేంత భయం. రెండు ఆదివారాలు నీళ్ళ అంచు దాకా వెళ్ళి, కడుపునొప్పని చెప్పి వెనక్కి వచ్చేసింది. ఇవాళ కూడా తిరిగొస్తే ఇక ఈ జన్మలో సముద్రం వైపు రాలేనని ఆమెకి తెలుసు.

పాఠం చెప్పే అరుముగం ఆ ఊరి జాలరి. తెలుగు కుర్రకారుకి నేర్పీ నేర్పీ కాస్త తెలుగు పట్టుబడింది. కార్తీక చేతికి పలక ఇవ్వబోతుంటే దేవరాజులు గారు అడ్డొచ్చారు.

"దీనికి బ్రేకు యాడుండాది?"

"బ్రేకు లేదు సార్. అల ఎటు పోతే అటే."

"బ్రేకు లేని బండి మీద మా పాపని ఎక్కిస్తావా? మీ ఫోర్‌మన్ని పిలువు!"

"నేనే సార్ ఫోర్‌మన్."

"సముద్రానికి?"

అరుముగం పలకని చంకలోకి ఎత్తుకున్నాడు. ఇంతలో పలక చివర వేలాడుతున్న తాడు దేవరాజులు గారి కంటపడింది. పలక కొట్టుకుపోకుండా కాలికి కట్టేదని తెలియగానే మొహం చేటంత అయింది.

"ఇదిగో బ్రేకు! కట్టు. పాపా, పడుకో. ఐదు నిమిషాలు."

పొడి ఇసుకలో, పలక మీద బోర్లా పడుకుంది కార్తీక. తాత తాడు లాగిపట్టి గడియారం చూస్తున్నారు. మిగతా శిష్యులు నవ్వుతున్నారు, ఒకతను ఫోనులో వీడియో తీస్తున్నాడు. సిగ్గుతో ఆమెకి చావాలనిపించింది. అయినా సిగ్గు రెండో సంగతి. అల విరిగిన ప్రతిసారీ కళ్ళు గట్టిగా మూసుకుంటోంది. వణుకుతున్న మోకాళ్ళు పలకకి టకటకా తగులుతున్నాయి.

"సార్, మంచి అల పోతా ఉంది!"

"పోనీ నాయనా. ఇంకోటి రాదా? రెండు నిమిషాలే అయింది."

మూడో నిమిషానికి ఆమెకి ఊపిరి అందింది. నాలుగో నిమిషానికి టకటక తగ్గింది. ఐదో నిమిషంలో ఆమెకి అనుమానం వచ్చింది.

"తాతా, ఇసకలో ఉండే పలక యాడికి పోతాది? దీనికి బ్రేకు చూసేదేంది?"

ఆయన వంగి, ఎవరికీ వినబడకుండా అన్నారు. "పలకని ఎవురు చూసిరి పాపా? నీ కాళ్ళు చూస్తా ఉండా. ఇప్పుడు ఆగినాయి. ఊ, రైట్!"

కార్తీకకి ఆనాటి రిక్షా గుర్తొచ్చింది. అది కదిలేసరికి తన ఏడుపు ఆగింది. పెళ్ళికారు కదిలేసరికి సునయనత్త కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఇన్నేళ్ళూ ఈ మనిషిది చాదస్తమని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు.

ఆమె నీళ్ళలోకి నడిచింది. ఆరుసార్లు పడింది, కడుపునిండా ఉప్పునీళ్ళు తాగింది. ఏడోసారి లేచి, మూడు లెక్కపెట్టేదాకా నిలబడింది. కేకేసి ఒడ్డువైపు చూస్తే దేవరాజులు గారు నడుములోతు నీళ్ళలో ఉన్నారు. ఆయనకు ఈత రాదు. పంచె జెండాలా తేలుతోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కాక కూడా ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. గడియారం చూసుకుందామంటే ముల్లు నిలబడటం లేదు.

"పోదామా మేడమ్?" అని డ్రైవరు ఇంజను లేపాడు.

"ఆగన్నా. బ్రేకు తొక్కిపట్టు." కార్తీక తాత గడియారం విప్పి తన చేతికి పెట్టుకుంది. "ఐదు నిమిషాలు చూడాల."

దేవరాజులు గారు తడి పంచె పిండుకుంటూ ఆమె వైపు ఓరగా చూశారు.

"నాకు ఐదు చాలదు పాపా," అన్నారు. "పది పెట్టు."