దగ్గరగా చూపించని ముఖం

కొన్నేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒక్కసారి చెప్పి ఊరుకున్నది కాదు, వారం వారం చెప్పినది. ఎవరూ నన్ను అనుమానించలేదు. ఒక్కరైనా అనుమానించి ఉంటే ఇంత బరువయ్యేది కాదేమో. చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. మనవడికి తెలుగు రావాలని మా అమ్మాయి వాణ్ణి శనివారాలు కంప్యూటర్‌లో జరిగే పిల్లల తరగతిలో చేర్పించింది. ఇక్కడ డబ్లిన్‌లోనే, బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఉండే ఒక ఆంటీ చెప్పేది. వాడు కాసేపు కూర్చుని లేచి పోయేవాడు. నేను లేచేదాన్ని కాదు. అలా వచ్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను. కానీ చెప్పబోయేది నాకు అక్షరం రాని రోజుల సంగతి. రాకపోవడాన్ని నేను వాడుకున్న సంగతి.

మనవణ్ణి చూసుకోవడానికి ఐర్లండ్‌లో ఈ డబ్లిన్‌కి వచ్చాను. వచ్చిన కొన్నాళ్ళకే కరోనా మొదలై విమానాలు ఆగిపోయాయి. శాండీఫోర్డ్‌లో మా అమ్మాయివాళ్ళ అపార్ట్‌మెంట్‌లోనే ఉండిపోయాను. అమ్మాయి ఒక గదిలో, అల్లుడు ఒక గదిలో తలుపులు వేసుకుని ఆఫీసు పని చేసుకునేవారు. మనవడు చిన్నూకి అప్పుడు రెండేళ్ళు. రోజంతా వాడూ నేనూ.

అక్కడ కాకినాడలో మా వియ్యపురాలు, అల్లుడి తల్లి, షుగరు వల్ల చూపు కోల్పోతూ ఉంది. కంట్లో వేయించుకోవలసిన ఇంజెక్షన్లు లాక్‌డౌన్‌లో ఆగిపోయాయి. మనవణ్ణి ఆమె ఒక్కసారీ నేరుగా చూడలేదు. ఫోన్లో చూద్దామంటే వాడు ఫోను కనబడగానే మీదపడి లాక్కునేవాడు. ఆమెకు కనబడేది వాడి అరచేయి, లేకపోతే ఇంటి పైకప్పు. నిద్రలో ఫోటో తీస్తే మూసిన కళ్ళే. "చూపు ఉండగానే వాడి మొహం ఒక్కసారి నిండుగా చూడాలిరా" అని కొడుకుతో అంది. ఆ మాట నేను వంటింట్లోంచి విన్నాను.

అందుకని అల్లుడు కెమెరా కొనాలనుకున్నాడు. రెండు తెప్పించాడు, ఒకటి ఉంచుకుని ఒకటి తిప్పి పంపేద్దామని. ఒకటి జేబులో పట్టేంత చిన్నది, ఇంట్లో దీపాల వెలుతురులో కూడా బాగా తీసేది. రెండోది సూపర్‌జూమ్, పెద్దది. ఎండలోనే బాగా వస్తుంది, మసక వెలుతురులో బొమ్మంతా ఇసుక చల్లినట్టు వస్తుంది. కానీ మైదానం ఆ చివర ఉన్న పిల్లాడి కనురెప్పల్ని ఈ చివర నుంచి చూపిస్తుంది, వీడియో కూడా పెద్దగా ఊగదు. "పగటిపూట తీసేది మీరే కదా అత్తయ్యగారూ, మీరే చెప్పండి" అన్నాడు. నేను రెండూ పట్టుకుని చూశాను. పెద్దదే అన్నాను. దూరంగా ఉంటే వాడికి తెలియదు, లాక్కోడు అన్నాను. ఆ రోజు నా మనసులో ఏ చెడ్డా లేదు. ఇది మీరు నమ్మాలి. ఎందుకు నమ్మాలి అంటే, చెప్పలేను.

ఎర్ర చుక్క నొక్కితే వీడియో. పైనున్న చిన్న మీట కుడికి తిప్పితే దగ్గరవుతుంది, ఎడమకు తిప్పితే దూరమవుతుంది. ఒక్కసారి చూపిస్తే వచ్చేసింది. ఇందులో చదవాల్సింది ఏముంది?

మరునాడు అపార్ట్‌మెంట్ల వెనకున్న పచ్చికలోకి తీసుకెళ్ళాను. చిన్నూ రాలిన ఆకులు ఏరుతున్నాడు. నేను దూరంగా బెంచీ మీద కూర్చుని ఎర్ర చుక్క నొక్కి, మీట తిప్పాను. వాడి ముఖం దగ్గరికి వచ్చింది. ఇంకా వచ్చింది. తెర నిండిపోయింది.

నేను రోజూ స్నానం చేయించి, అన్నం కలిపి పెట్టే ముఖమే. కానీ ఎప్పుడూ అంత నిలకడగా చూడలేదు. ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి లేచి ఉంది. ఆలోచిస్తుంటే కింది పెదవి పక్కకు పోతోంది. గడ్డం మీద చిన్న సొట్ట. అది మా వియ్యపురాలి ముఖం. పోలిక కూడా కాదు, ఆమే.

ఆమె నాకేం చేసింది? ఏమీ చేయలేదు. ఆమె టీచరుగా రిటైరైన మనిషి. పిల్లల పెళ్ళి శుభలేఖ నా చేతిలో పెట్టినప్పుడు, నేను తలకిందులుగా పట్టుకున్నానని గమనించి, "నేను చదివి పెడతాను లెండి వదినగారూ" అని మెల్లగా అంది. వెక్కిరించి ఉంటే మర్చిపోయేదాన్ని. అంత మర్యాదగా అనడం వల్ల మర్చిపోలేకపోయాను. ఇప్పుడు పెంచుతున్నది నేను, నా నడుము నొప్పి పెడుతున్నది, వాడు ఏడుస్తూ పిలిచేది నన్ను. ముఖం మాత్రం ఆమెదా? ఈ వీడియో చూస్తే ఆమెకు తెలిసిపోతుంది. మురిసిపోతుంది. ఆ మురిపెం నేను చూడలేననుకున్నాను.

చెత్తబుట్ట బొమ్మ ఉన్న బటన్ నొక్కాను. ఆ బొమ్మకు అక్షరాలు అక్కర్లేదు.

ఆ తర్వాత ఎన్ని వీడియోలు తీశానో. అన్నిట్లో చెట్లు, ఆకాశం, మధ్యలో ఎర్ర కోటు వేసుకున్న ఒక చిన్న ఆకారం. ఆదివారం అల్లుడు వాటిని తల్లికి పంపే ముందు చూసి, "మీట కుడివైపుకి తిప్పాలి అత్తయ్యగారూ" అని మళ్ళీ చూపించేవాడు. "నాకు ఇవన్నీ ఎక్కడొస్తాయి బాబూ, అక్షరం ముక్క రానిదాన్ని" అనేదాన్ని. "పర్లేదండీ, గ్రాండ్" అని, బాగానే ఉందనడానికి ఇక్కడివాళ్ళు అనే మాట అనేసి ఊరుకునేవాడు. అమ్మాయీ అల్లుడూ తీద్దామంటే, పని ముగిసేసరికి చీకటి పడేది. సెలవు రోజుల్లో వానైనా ఉండేది, లేదా అమ్మానాన్నల్ని చూసి చిన్నూ పరిగెత్తుకొచ్చి కెమెరా లాగేవాడు. ఎవరైనా నా మీద జాలిపడితే జీవితమంతా ఒళ్ళు మండేది. ఆ జాలి వెనకే ఇప్పుడు హాయిగా దాక్కున్నాను.

అప్పుడప్పుడు మీట కుడికి తిప్పేదాన్ని. నేనొక్కదాన్నే చూసుకుని మళ్ళీ వెనక్కి తెచ్చేదాన్ని. అది మరీ తప్పు కదా?

దారులు తెరుచుకున్నాక ఆమె డబ్లిన్ వచ్చింది. అప్పటికి వెలుగు, చీకటి మాత్రమే తెలిసేవి. చిన్నూని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముఖం తడిమింది. "నానమ్మా, ఇట్స్ టిక్లిష్!" అని వాడు చక్కిలిగిలికి నవ్వుతూ దిగి పారిపోయాడు. గదిలో మేమిద్దరమే మిగిలాం.

"వదినగారూ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి" అంది.

"అడగండి."

"వీడిది ఎవరి పోలికండీ? వీళ్ళనడిగితే రెండు వైపులా అంటారు. నన్ను సంతోషపెట్టడానికి ఏదైనా అంటారు. మీరు రోజంతా చూసే మనిషి. మీ మాటే నమ్ముతాను."

చెప్పే అవకాశం దానంతటదే వచ్చి నా ముందు నిలబడింది. ఒక్క మాట చాలు. నా నోటి నుంచి వచ్చింది ఇది:

"అంతా మా అమ్మాయి పోలికేనండీ."

ఆమె నవ్వింది. "పోనీలెండి, అందగాడే అన్నమాట. మా ముక్కు వచ్చుంటే పెళ్ళికి కష్టమయ్యేది." అని తన గడ్డం ఒకసారి తడుముకుని, చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది.

ఎందుకన్నాను? అప్పటికి అసూయ కూడా మిగల్లేదు. గుడ్డిదైపోయిన మనిషి మీద అసూయ ఏముంటుంది? నిజం చెబితే, మరి ఆ వీడియోల్లో ఎందుకు కనబడలేదని అడుగుతుందని భయం. మొదటి అబద్ధాన్ని కాపాడుకోవడానికి రెండోది చెప్పాను. రెండోదే పెద్దది.

ఆమె ఇప్పుడు కాకినాడలో కూతురి దగ్గర ఉంది. ఫోన్ చేసినప్పుడల్లా వాడు ఎంత ఎత్తయ్యాడని అడుగుతుంది. చెప్తాను. అసలు సంగతి చెప్పను. ఇప్పుడు చెబితే, చూడగలిగి ఉండీ చూడలేకపోయానని ఆమె ఎంత బాధపడుతుందోనని నాకు నేను చెప్పుకుంటాను. ఆమె బాధ కోసమా, నా పరువు కోసమా? ఎన్నిసార్లు అడుక్కున్నా నా పరువు కోసమనే తేలుతోంది.

ఆమె క్షమించాలని ఇది రాయడం లేదు. మీరు క్షమించనక్కర్లేదు. ఎక్కడో ఒకచోట ఈ మాట ఉండాలి, అంతే. ఇన్నాళ్ళూ రావని చెప్పిన అక్షరాలతోనే ఉండాలి. 

ఆ కనుబొమ్మ ఆమెది. ఆ పెదవి ఆమెది. ఆ గడ్డం ఆమెది. నేను చూశాను. ఆమెను చూడనివ్వలేదు.