బావ చేదన్న కల్లు

పోయిన నెల హైదరాబాదులో మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు, మా అల్లుడు ఒక సాయంత్రం తన స్నేహితులతో పాటు నన్ను కూడా బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే ఒక హోటలుకు తీసుకెళ్ళాడు. అద్దాల వెనక మనిషెత్తు రాగి డ్రమ్ములు, బల్ల మీద చెక్కపలకలో అమర్చిన ఆరు చిన్న గ్లాసులు, ఒక్కోదానిలో ఒక్కో రంగు. పిల్లలు ఒక్కో గుక్కా చప్పరిస్తూ, వైజాగ్ వాళ్ళకి పల్చగా ఉండాలనీ, బెంగుళూరులో ఉండొచ్చిన వాళ్ళు చేదైతే తప్ప ముట్టరనీ, విజయవాడ వాళ్ళు దేంట్లోనైనా ఐసు వేయమంటారనీ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. వాళ్ళలో ఒకతను నల్లటి బీరు నోట్లో పెట్టుకుని ముఖం చిట్లించాడు. మీ గుంటూరు వాళ్ళకి కారం తప్ప ఇంకో రుచి తెలుసా అని మిగతావాళ్ళు పకపకా నవ్వారు. అతను సిగ్గుపడి, గ్లాసు ఎత్తి గడగడా తాగేయబోయాడు. నేను చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నాను. బల్ల చుట్టూ నవ్వు ఆగిపోయింది. మామగారికి ఒంట్లో బాగాలేదనుకుని అల్లుడు నన్ను తొందరగా ఇంటికి తీసుకొచ్చాడు. ఎందుకు పట్టుకున్నానో కారులో చెప్పలేకపోయాను. నా ఈడు వాళ్ళకైతే చెప్పగలననిపించి ఇప్పుడు రాస్తున్నాను.

మాది రేపల్లె పక్క పల్లె. లూథరన్ కుటుంబం, నాన్న బడిపంతులు. ఎనభైల మొదట్లో నాకు బాపట్లలో ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. అప్పటికే నాన్న పోయాడు కాబట్టి అమ్మను తీసుకెళ్ళి అక్కడే అద్దె ఇంట్లో కాపురం పెట్టాను. అక్కను తెనాలి ఇచ్చాం. బావ అక్కడ ఒక అచ్చాఫీసులో కంపోజిటరు, సీసపు అక్షరాలను ఏరి పేర్చే పని. అక్షరాన్ని చూడకుండా వేళ్ళతోనే తడిమి ఇది ఫలానాదని చెప్పేవాడు. మనిషి నెమ్మది. ఏ పనీ రెండుసార్లు చూసుకోకుండా చేసేవాడు కాదు. నాకంటే ఆరేళ్ళు పెద్ద, అయినా నన్ను తన తోటివాడిలాగే చూసుకునేవాడు. తమ్ముడు లేని లోటు నాతో తీర్చుకుంటున్నానని అమ్మతో అన్నాడట ఒకసారి.

ఎండాకాలం సెలవులకు అక్క పాపను తీసుకుని మా ఇంటికి వచ్చేది. బావ ప్రతి ఆదివారం గుడి ఆరాధన అయ్యాక పాసింజరు ఎక్కి వచ్చి, సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవాడు. ఆ ఆదివారాల్లో మేం ముగ్గురం, అంటే నేను, బావ, ఆఫీసులో నా పక్క సీటు గుమాస్తా, సైకిళ్ళ మీద కర్లపాలెం దారిలో తాళ్ళతోపుకు వెళ్ళేవాళ్ళం. అక్కకు తెలిసే వెళ్ళేవాళ్ళం. తాటికల్లు వేసవికి చలవని మా అమ్మ మాకు చిన్నప్పుడు పొద్దున్నే దించింది అరగ్లాసు పోసేది కాబట్టి, అక్క దాన్ని పెద్ద తప్పుగా ఏమీ చూడలేదు. రెండు దొప్పలకు మించితే మాత్రం ఇంటికి రావద్దని గుమ్మంలో నిలబడి హెచ్చరించేది.

కల్లు కంటే మాకు ఎక్కువ మత్తు దాని మీద వాదనలే. పక్క సీటాయన అచ్చంగా బాపట్ల మనిషి. ఇసుక నేల తాటికి ఉన్న రుచి లోకంలో ఇంక దేనికీ లేదనీ, కాయ కాయని పోతుతాడు కల్లో, కాయలు కాసే పండుతాడు కల్లో కళ్ళు మూసుకుని చెబుతాననీ, ఉడకబెట్టిన వేరుశనగకాయలు లేకుండా కల్లు తాగేవాడు మనిషే కాదనీ అనేవాడు. మా రేపల్లె వైపు మిట్టమధ్యాహ్నం దాకా నిలిచి, పులిసి, ముక్కుకు ఘాటు తగిలితేనే కల్లంటాం, పక్కన ఎండురొయ్యలుండాలి. మీ నాలుకలు సముద్రపు గాలికి ఉప్పుబట్టి మొద్దుబారిపోయాయి, మీకు కిరసనాయిలు పోసినా బాగుందంటారు అని ఆయన నన్ను ఏడిపించేవాడు. బావకేమో తెల్లవారకముందే దించింది, చెట్టుకు కట్టే లొట్టికి లోపల సున్నం రాసింది, పులుపు తిరగనిది కావాలి. ఇక మేమిద్దరం ఒక్కటైపోయి తెనాలి మీద పడేవాళ్ళం. తెనాలి వాళ్ళకు కల్లు వద్దు, పానకం చాలు అనీ, వాళ్ళ మాటా తీపే, కూరా తీపే, కోపం కూడా తీపే అనీ. బావ నవ్వేవాడు. ఆ నవ్వు చూసి, ఆయనకు ఏదీ తగలదనుకునేవాణ్ణి.

మాకు ఎప్పుడూ కల్లు దించి ఇచ్చేది ఒక ముసలాయన. పెదనాన్నా అని పిలిచేవాళ్ళం. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు మే నెలలో ఒక ఆదివారం వెళ్ళేసరికి ఆయన తన గుడిసె ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు. చెట్టు మీద మోకు జారి నడుము విరిగినంత పనైందట. నాలుగు రోజులుగా చెట్టెక్కలేదు. మేం అవతలి మలుపు దగ్గర కొత్తగా వేసిన కల్లుపాకకు వెళతామని చెబితే, ఆయన మంచం మీదినుంచే తల ఎత్తి, "వద్దు బాబూ. ఆడు పోసేది ఏ చెట్టుదో నాకు తెలవదు. చుట్టుపక్కల చెట్లన్నీ లెక్కేసినా అంత కల్లు రాదు," అన్నాడు. పక్కవాడి వ్యాపారమంటే ఎవరికైనా కడుపుమంటే కదా అని మేం సైకిళ్ళు తిప్పాం.

పాకలో జనం బాగానే ఉన్నారు. పోసేవాడు ముక్కూమొహం తెలియని మనిషి. తాటాకు దొప్పల్లో పోయించుకుని, ఇంకో ముంతెడు తెచ్చుకుని వేపచెట్టు కింద కూర్చున్నాం. బావ తన అలవాటు ప్రకారం ఒక్క గుక్క నోట్లో పట్టుకుని, కాసేపు మింగకుండా ఉండి, పక్కకు ఉమ్మేశాడు.

"ఏంటి బామ్మర్దీ, ఇది చేదుగా ఉందే?" అన్నాడు.

పక్క సీటాయన కూడా చప్పరించి, ఎండకు మాడి ఉంటుందిలే అన్నాడు. నేను మాత్రం దొప్పంతా ఒక్క గుక్కలో తాగేసి, నాలుగు దిక్కులూ వినపడేటట్టు అన్నాను.

"మీ తెనాలోళ్ళకి పంచదార లేకపోతే మంచినీళ్ళు కూడా చేదేగా బావా!"

అవతల కూర్చున్న వాళ్ళెవరో కూడా నవ్వారు. బావ నవ్వలేదు. మళ్ళీ కొంచెం నోట్లో పోసుకుని, "కాదురా, పులుపు వేరు, ఇది వేరు. వగరు కూడా కాదు. ఇందులో ఏదో కలిసింది," అన్నాడు మెల్లగా. నేను ఊరుకోలేదు. ఆయన చేతిలోని దొప్పను నేనే మళ్ళీ నింపి, మా ఊరి ఆడపిల్లను చేసుకున్నందుకైనా ఒక్కసారి మగాడిలా తాగమన్నాను. చుట్టూ అంతమంది చూస్తున్నారు. బావ నా మొహంలోకి ఒకసారి చూశాడు. తాగాడు. మూడోది కూడా నేనే నింపాను, అదీ తాగాడు.

తర్వాత నాకు గుర్తున్నది చాలా కొంచెం. కాళ్ళు బరువెక్కడం, వేపచెట్టు నీడ గిర్రున తిరగడం, అంతే. పక్క సీటాయన నా చెంపల మీద కొడుతుంటే మెలకువ వచ్చింది. ఎండ ఇంకా పూర్తిగా దిగలేదు. ఆయనకు వాంతులు కావడంతో తెలివి తప్పలేదట. పాక ఖాళీగా ఉంది, పోసినవాడు లేడు. ఇంకా ఇద్దరు ముగ్గురు ఇసుకలో పడి మూలుగుతున్నారు. బావ మూలగడం లేదు. ఒక పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పట్టుకుంటే చల్లగా తగిలాడు. ఎద్దుబండి మీద వేసుకుని బాపట్ల ఆసుపత్రికి తీసుకెళ్ళేదాకా బావ చెవి దగ్గర ఏదో మాట్లాడుతూనే ఉన్నానట. డాక్టరుగారు చూసి, పోయి చాలాసేపయిందన్నారు. కల్లులో నిద్రమందు కలిపారని తర్వాత తేలింది. మిగిలిన అందరం బతికాం. ఆయన గుండె తట్టుకోలేకపోయిందట.

మర్నాడు పోలీసులు అడిగారు, తాగేటప్పుడు రుచిలో తేడా ఏమైనా తెలిసిందా అని. "లేదండి, ఏమీ తెలియలేదండి," అన్నాను నేను. పక్క సీటాయన నా వంక చూశాడు. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత మూడేళ్ళు పక్కపక్కనే కూర్చుని పనిచేశాం, ఆ సంగతి మాత్రం ఎత్తుకోలేదు. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయేరోజున నా భుజం మీద చెయ్యి వేసి, ఒకసారి గట్టిగా నొక్కి వెళ్ళిపోయాడు.

బావను తెనాలిలోనే మట్టి చేశాం. సమాధి దగ్గర పాస్టరుగారు ప్రార్థన చేసి, తాగుడు మనిషిని ఎలా గుడ్డివాణ్ణి చేస్తుందో, ఇంటి దీపాన్ని ఎలా ఆర్పుతుందో చెప్పారు. ఆయన మంచివారే, నలుగురు కుర్రాళ్ళు బాగుపడాలని చెప్పి ఉంటారు. అక్క నాలుగేళ్ళ పాపను ఒడిలో పెట్టుకుని, తలమీద ముసుగు ముందుకు లాక్కుని వింటోంది. ఆ మనిషి గుడ్డివాడు కాదనీ, అక్కడున్న వాళ్ళందరిలో కళ్ళున్నది ఆయనొక్కడికేననీ చెప్పడానికి నాకు నోరు రాలేదు. నేను శవపెట్టెకు ఒక మూల పట్టుకుని నిలబడి ఉన్నాను.

అక్క మా దగ్గరికి రానంది. బావ పనిచేసిన అచ్చాఫీసులోనే అచ్చయిన కాగితాలు మడతపెట్టే పనిలో చేరి పాపను పెంచింది. గుడిలో ఆడవాళ్ళు ఆమెను తాగుబోతు పెళ్ళాం అని ఎదురుగా అనలేదు కానీ, ఆమె వచ్చి కూర్చుంటే జాలిగా జరిగి చోటిచ్చేవారు. ఆ జాలి ఆమెను లోపల్లోపల కోసేది. ఇంట్లో బావ ఫొటో గోడకు పెట్టలేదు, పెట్టె అడుగున పెట్టింది. పాప నాన్న గురించి అడిగితే, నీ నాన్నకు మనకంటే కల్లే ఎక్కువైంది అని చెప్పేది. నా ఎదురుగా కూడా అలాగే చెప్పింది. నేను విని, అన్నం కలుపుకుని తిన్నాను.

తొంభైల్లో మన ఆడవాళ్ళు సారా మీద కొంగు బిగించిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. తెనాలిలో ఒక వీధి సభకు అక్కను కూడా పిలిచారు. ఆమెను ఇంటికి దిగబెడదామని నేను వెళ్ళి జనం వెనక నిలబడ్డాను. అక్క ఎన్నడూ నలుగురిలో మాట్లాడింది కాదు. మైకు రెండు చేతులతో పట్టుకుని, "మా ఆయన ఒళ్ళు తెలియకుండా తాగి పోయాడమ్మా. ఏం పోస్తున్నారో కూడా చూసుకోలేదు. ఆ దొప్ప నోటిదగ్గర పెట్టుకునేటప్పుడు నేనూ నా బిడ్డా గుర్తురాలేదు ఆయనకి," అంది. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చప్పట్లు కొట్టారు. పదేళ్ళ పైచిలుకు దాచుకున్నది ఇంక నాలో నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి, ఆమె పనికి బయలుదేరబోతుంటే కూర్చోబెట్టి అంతా చెప్పాను. ముసలాయన వద్దనడం, బావ ఉమ్మేయడం, నేను ఎగతాళి చేయడం, నా చేత్తో నింపడం. ఏదీ మిగల్చలేదు. అక్క వింటూ తన చేతిలో ఉన్న టిఫిన్ గిన్నె మూత తీస్తూ పెడుతూ ఉంది.

"చేదుగా ఉందన్నాడా?" అని అడిగింది చివరికి.

"అన్నాడక్కా. రెండుసార్లు అన్నాడు."

"మరి పోలీసోళ్ళకి చెప్పలేదే?"

నేను తల వంచుకున్నాను. "ఇన్నేళ్ళూ ఆయన్ని తిట్టుకుంటా బతికానురా. పసిదానికి కూడా అదే నేర్పాను. నిన్న అంతమందిలో చెప్పొచ్చాను," అంది. ఏడవలేదు. లోపలికి వెళ్ళి పెట్టె అడుగునుంచి ఫొటో తీసి, కొంగుతో తుడిచి, మేకు కోసం గోడంతా వెతికింది. నేను కొడతానని సుత్తి అందుకోబోతే, "నువ్వు ముట్టుకోవద్దు," అంది. అంతవరకూ నన్ను తమ్ముడూ అని పిలిచిన మనిషి, ఆ రోజు నుంచి పోయేదాకా పేరు పెట్టే పిలిచింది. పండక్కి పిలిస్తే వచ్చింది, ఆలస్యంగా జరిగిన నా పెళ్ళిలో పనంతా తనే చేసింది, అమ్మ పోయినప్పుడు నా పక్కనే నిలబడింది. కానీ ఆ ఒక్క పిలుపూ తిరిగి ఇవ్వలేదు.

మొన్నామధ్య ఆ దారిలో వెళ్ళాను. తాళ్ళు చాలావరకు కొట్టేశారు, కొన్ని ఇటుకబట్టీలకు పోయాయట, అవి ఉన్న చోట రొయ్యల చెరువులు తవ్వారు. చెట్టెక్కే వాళ్ళ పిల్లలు ఆటోలు నడుపుతున్నారు, నడుములు విరగడం లేదు, ఒకందుకు అదే మంచిది. మూడు ఊళ్ళలోనూ ఇప్పుడు ఒకే షాపు, ఒకే సీసా, ఒకే రుచి. నాలుకను బట్టి మనిషిది ఏ ఊరో చెప్పగలిగిన వాళ్ళు మాలో మిగల్లేదు. ఆ వాదనలు పోయినందుకు నా తోటివాళ్ళు బాధపడుతుంటారు, ఎంత సరదాగా ఉండేవాళ్ళం అంటారు. అవును, సరదాగానే ఉండేవాళ్ళం. ఎవరు ఏ ఊరివారో అంత బాగా తెలిసినవాళ్ళం, ఎదురుగా కూర్చున్న మనిషి ఏం చెబుతున్నాడో మాత్రం వినలేకపోయాం.