మిషను అడుగున చీటీ

కుట్టుమిషన్లు బాగుచేసే ఆవిడను అందరూ మిషనక్క అంటారు. పదకొండేళ్ల కిందట ఆమె తన దుకాణానికి ఒక వెబ్‌సైటు పెట్టించింది. దాన్ని పెట్టినతను సైటు పేరు నమోదుకు ఫారం తెస్తే, "నా చేతులనిండా నూనె తమ్ముడూ, నువ్వే రాసెయ్" అంది. యజమాని గడిలో అతను తన పేరే రాసుకున్నాడు.

మొన్న అతని పని నచ్చక ఆమె వేరేవాళ్ల దగ్గరికి మారబోతే ఆ సంగతి బయటపడింది.

"సైటు పేరు నాదక్కా. నువ్వు ఇంకోటి పెట్టుకో" అన్నాడు ఫోన్లో.

"తుప్పు పట్టిన బోల్టులకే లొంగలేదురా, నీకు లొంగుతానా!" అంది మిషనక్క.

వెంటనే ఇలాంటి తగాదాలు తీర్చే సంస్థకు ఫిర్యాదు పంపింది. ఇన్నేళ్లూ ఆ పేరు వాడింది తనేనని రుజువు చూపమన్నారు వాళ్లు. ఆమె దగ్గర కాగితాలేవీ లేవు. కానీ ఒక అలవాటుంది. ఏ మిషను బాగుచేసినా సైటు పేరు, తేదీ రాసిన చీటీ దాని అడుగున అంటించందే గడప దాటనివ్వదు. పాతవాళ్లందరికీ ఫోన్లు చేసి, "మీ మిషను తిరగేసి ఫోటో తీసి పంపండి" అంది. వారంలో నాలుగు వందల ఫోటోలు వచ్చిపడ్డాయి.

సైటు పేరు ఆమెదేనని తీర్పొచ్చింది. అతను ఉక్రోషంగా ఫోన్ చేశాడు. "అన్నీ దొంగ ఫోటోలే! ఒక్కటైనా నిజముందా?"

"ఇంటికెళ్లి మీ అమ్మ మిషను తిరగేసి చూడు" అంది మిషనక్క. "మొదటి ఫోటో పంపింది ఆవిడే."