నత్తి పిల్ల సముద్రం దాటిన సంగతి

ఎవరైనా పేరు అడిగితే చాలు, ఆమెకు గండం వచ్చిపడినట్టే. పేరులోని మొదటి అక్షరమే పెదవుల మీద అతుక్కుపోయేది. బళ్లో హాజరు పిలిస్తే చెయ్యెత్తి ఊరుకునేది. ఫోనులో ఎవరైనా "ఎవరండీ మాట్లాడేది?" అంటే, "కళ్ళద్దాల షాపు నుంచండీ" అని తప్పించుకునేది. చిన్నప్పుడు వీధి వీధంతా ఆమెను 'నత్తి పిల్ల' అనే పిలిచింది. పెళ్లయ్యాక ఆ పిలుపు పోయింది గానీ నత్తి పోలేదు. మ, ప, బ లతో మొదలయ్యే మాటలు ఆమడ దూరంలో ఉండగానే పసిగట్టి, వాటిని తప్పించుకుని చుట్టుతిరిగి వెళ్ళడం ఆమెకు అలవాటైపోయింది. మంచినీళ్ళు కావాలంటే "దాహంగా ఉంది" అనేది.

పనిలో మాత్రం ఆమెకు తిరుగు లేదు. కళ్ళద్దాల షాపు వెనక గదిలో, అద్దాలు అరగదీసే యంత్రం ముందు తొమ్మిదేళ్ళు కూర్చుంది. అద్దంలో పవరుకు నడిబిందువు ఎక్కడుందో చూసి సిరా చుక్క పెట్టి, ఫ్రేముకు సరిపడా కోసి, అంచు నునుపు చేసి బిగించేది. ఆ చుక్క సరిగ్గా కంటిపాపకు ఎదురుగా రావాలి. కాస్త అటూ ఇటూ అయిందా, పెట్టుకున్నవాళ్ళకు తలనొప్పి ఖాయం. "ఈ అమ్మాయి బిగించిన జోడు వెనక్కి రాదు" అని షాపు యజమాని అందరి దగ్గరా గొప్పగా చెప్పుకునేవాడు. ఆ గదిలో ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదు. అంతకంటే ఇంకేం కావాలి?

ఆమె భర్త లెక్కల మాస్టారు. ఊళ్ళో అందరితో పాటు ఆమె కూడా, మ దగ్గర ఆగిపోతూనే, అతన్ని మాస్టారూ అనే పిలిచేది. అతనికి దేవుడు ఇచ్చిన వరం నోరు. ఆదివారం చర్చిలో వాక్యం చెప్పడానికి లేచాడంటే, ఎండకు కునికిపాట్లు పడేవాళ్ళు కూడా నిటారుగా కూర్చునేవాళ్ళు. పెళ్లికి ముందే ఆమెతో దాపరికం లేకుండా చెప్పేశాడు: "దేవుడు నన్ను దూరదేశం పంపుతాడని నా నమ్మకం. సువార్త పనికి. నీకు ఇష్టమేనా?"

ఆమె తలూపింది. తలూపడం ఆమెకు బాగా వచ్చిన భాష.

పెళ్లి ప్రమాణాల వేళ 'మరణము' అన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. చర్చి అంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు అతను తలవంచి, ఆమెకు మాత్రమే వినిపించేలా ఆ మాట తనూ కలిపి పలికాడు. ఇంకొకరితో కలిసి పలికితే ఆమెకు నత్తి రాదు. ఆ సంగతి అతను ఎప్పుడు కనిపెట్టాడో ఆమెకు తెలియదు. ఇలాంటి మనిషితో ఎక్కడికైనా వెళ్ళొచ్చు అని ఆ క్షణంలో అనుకుంది.

అనుకోవడం వేరు, విమానం ఎక్కడం వేరు. మూడేళ్ళ తర్వాత మిషన్ ఆఫీసు నుంచి పిలుపు వచ్చేసరికి ఆమెకు భయం పట్టుకుంది.

"ముందు వెళ్ళి చూసి రండి. ఆరు వారాలు. అక్కడి మనుషుల్నీ పనినీ చూడండి. మా వల్ల కాదు అనిపిస్తే కాదని చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు మిషన్ పెద్దాయన.

ఎవరూ ఏమీ అనుకోకపోవడమేమిటి, తను అనుకోదూ? సొంత భాషలో పేరు చెప్పుకోలేని మనిషి పరాయి భాషలో దేవుడి గురించి ఏం చెబుతుంది? తన మూలంగా అతని పిలుపు పాడైపోతే? వీసా రాకుండా చూడు తండ్రీ అని ఎవరికీ తెలియకుండా ప్రార్థన చేసుకుంది. చేసినందుకు సిగ్గుపడి, క్షమించమని మరో ప్రార్థన చేసింది. వీసా ఎనిమిదో రోజున వచ్చింది.

అత్తగారు కాన్పుల ఆసుపత్రిలో హెడ్ నర్సు. నోరూ చెయ్యీ ఒకేలా చురుకు. కోడలు మాట మొదలుపెడితే పూర్తి చేసేది ఆవిడే.

"అత్తయ్యా, నాకు బ... బ..."

"బట్టలు సర్దడం అవ్వలేదా? నేను సర్దుతాలే" అనేసింది ఆవిడ.

"భయంగా ఉంది" అనబోయిన కోడలు నోరు మూసుకుంది. బట్టలు మాత్రం చక్కగా పెట్టెకెక్కాయి.

మొదటి రెండు వారాలు ఆ దేశంలోని ఒక పెద్ద నగరంలో గడిచాయి. అక్కడి చర్చిలో దుభాషి ఉన్నాడు. మాస్టారు ఇరవై నిమిషాలు చేతులు తిప్పుతూ ధారాళంగా మాట్లాడితే, దుభాషి మూడు నిమిషాల్లో తేల్చేసి కూర్చున్నాడు. మిగతా పదిహేడు నిమిషాలూ ఏమయ్యాయో తెలియక మాస్టారు తెల్లమొహం వేశాడు. ఆమెకు నవ్వాగలేదు. పాటల పుస్తకం అడ్డం పెట్టుకుంది.

తర్వాత రేవు పక్కనున్న ఒక చిన్న పట్నానికి పంపించారు. మిషన్ వాళ్ళ కంటి ఆసుపత్రి అక్కడ ఉంది. ఆసుపత్రి అంటే మూడు గదులు, ఒక వసారా, గోడకు ఆనించిన బెంచీలు. ఉన్నది ఒక్క డాక్టరమ్మ, ఆ ఊరి మనిషే. దుభాషి లేడు. వెళ్ళేముందు ఇద్దరూ ఆరు నెలలు సాయంత్రం పాఠాల్లో నేర్చుకున్న భాషే దిక్కు.

డాక్టరమ్మ కళ్ళు పరీక్ష చేసి, ఎవరెవరో దానం ఇచ్చిన పాత కళ్ళద్దాల పెట్టెల్లోంచి పవరు సరిపోయిన జోడు వెతికి ఇచ్చేది. మూడో రోజున వలలు అల్లే ముసలాయన ఒకడు వచ్చి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పడేశాడు. "ఇవి పెట్టుకుంటే నేల పైకి లేస్తోంది. నేను తాగినవాడిలా నడుస్తున్నాను. మా ఆవిడ నమ్మడం లేదు" అన్నాడు.

ఆయన మాటల్లో ఆమెకు సగమే అర్థమైంది. కళ్ళద్దాలు చెయ్యి చాచి తీసుకున్నాక మాత్రం మిగతాది కూడా తెలిసిపోయింది. పవరు సరిగ్గానే ఉంది. కానీ ఇవి ఎవరో వెడల్పు ముఖం మనిషి కోసం చేసినవి. ముసలాయన కళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి. నడిబిందువులు కంటిపాపలకు ఎదురుగా లేవు. ఈ సంగతి డాక్టరమ్మకు చెప్పాలి. చెప్పాలంటే నోరు విప్పాలి.

"డాక్టర్ గారూ... బ... బ... బిందువు... త... తప్పు."

ఇప్పుడు ఎవరో ఒకరు తన మాట లాక్కుని పూర్తి చేస్తారని ఎదురుచూసింది. డాక్టరమ్మ చేతిలో కలం కింద పెట్టి ఆమె వైపే చూస్తూ కూర్చుంది. ముసలాయనా చూస్తున్నాడు. ఎవరికీ తొందర లేదు. ఆమె మెల్లగా, ఒక్కో మాటా పోగేసుకుంటూ, వేలితో ముక్కు మీద చూపిస్తూ మొత్తం చెప్పింది. చెప్పడం పూర్తయింది! చివరిదాకా తన నోటితోనే.

పక్క గదిలో అద్దాలు అరగదీసే యంత్రం ఒకటి గుడ్డ కప్పి ఉంది. దాన్ని నడిపే మనిషి వెళ్ళిపోయి రెండేళ్ళట. ఆమె దుమ్ము దులిపి, రాయి తిప్పి చూసి, నీళ్ళు పోసింది. ముసలాయన ముక్కు మీద స్కేలు పెట్టి కొలిచి, ఆ పెద్ద అద్దాల నడిబిందువుల మీద చుక్క పెట్టి, వాటిని చిన్న ఫ్రేముకు కోసి బిగించింది. మధ్యాహ్నానికల్లా ఆయన వాటిని పెట్టుకుని వసారా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. నేల కదల్లేదు. తన చేతులు ఎత్తి చూసుకుని, "అయ్యో, ఇవి ఇంత ముసలివైపోయాయా!" అన్నాడు. బెంచీల మీదున్న వాళ్ళంతా గొల్లుమన్నారు.

డాక్టరమ్మ టీ తెచ్చిచ్చి, "మా భాష బాగా నేర్చుకున్నావమ్మా. నిదానంగా మాట్లాడతావు, అంతే. కొత్తవాళ్ళు ఎవరైనా అంతే కదా" అంది.

ఆమె కప్పు అందుకుంది. వీళ్ళకు తన నత్తి సంగతి తెలియనే లేదు! ఇక్కడ తడబడడం తప్పు కాదు. పరాయి మనిషి తడబడుతుందని అందరూ ముందే సిద్ధపడి ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా గుండె మీద మోస్తున్న బండను ఎవరో వచ్చి ఊరికే దించేసి పోయినట్టయింది. అయినా దాన్ని దాచాలని అనిపించలేదు.

"నాకు మా భాషలో కూడా ఇ... ఇంతేనండీ" అంది.

డాక్టరమ్మ తన కప్పు అందుకుంటూ, "అయితే మాకోసం కొత్తగా కష్టపడనక్కర్లేదన్నమాట" అంది. ఇద్దరూ టీ ఒలికేదాకా నవ్వారు.

ఇటు మాస్టారి పరిస్థితి తిరగబడింది. రాతలో అతనికి నూటికి నూరు మార్కులే, నోరు విప్పితే మాత్రం ఒక్క వాక్యమూ నిలబడేది కాదు. ప్రసంగాలు చేసిన మనిషి "ఉప్పు ఎక్కడ?" అని అడగడానికి కాగితం తీసేవాడు. ఆ పట్నంలో రెండో వారం ఒక సాయంత్రం ఇద్దరూ రేవు గట్టు మీద కూర్చున్నప్పుడు అతను మనసులో మాట బయటపెట్టాడు.

"నాకు మాట తప్ప ఇంకేం వచ్చు చెప్పు? ఆ మాటే లేకపోతే నేనెందుకు పనికొస్తాను? నిన్న పోస్టాఫీసులో ఒకాయన నన్ను వెర్రివాడిలా చూశాడు. ఇంటికి పోదామా?"

అతను భయపడగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదు. జాలి కలిగింది. నిజం చెప్పాలంటే, లోపల చిన్న సంతోషం కూడా కలిగింది, తను ఒక్కతే కాదని.

"మా... మాస్టారూ, చూపు ఉంది కదా. చె... చెయ్యి ఉంది. నవ్వు ఉంది. కష్టమైన మాట వస్తే ప... పక్క దారిన వెళ్ళండి. ఉప్పు రాకపోతే చప్పగా ఉందనండి. నేను పుట్టినప్పటి నుంచీ ఇలాగే బతుకుతున్నాను."

అతను ఆమె వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "రోజూ ఇంత కష్టమా నీకు?"

"రోజూ."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెప్పాలన్నా మా... మాటలే కదా కావాలి" అంది. అతను ఏడవబోయి నవ్వేశాడు. వీసా రాకూడదని చేసిన ప్రార్థన సంగతి కూడా ఆమె అక్కడే చెప్పేసింది. "దేవుడు నీ మాట వినకపోవడమే మంచిదైంది" అన్నాడతను.

మర్నాటి నుంచి అతను ఆసుపత్రి వసారాలో కూర్చుని, వచ్చినవాళ్ళ వరస రాసుకుంటూ, వాళ్ళు చెప్పేది వినడం మొదలుపెట్టాడు. వాళ్ళు ఎక్కువ మాట్లాడారు, అతను తక్కువ. అలాంటిది అతని జీవితంలో అదే మొదటిసారి.

తిరిగొచ్చిన రోజున అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది. "ఏమ్మా, ఏం తేల్చుకున్నారు?"

"అత్తయ్యా, మేము వె... వె..."

"వెళ్ళం అంటావు. నాకు ముందే తెలుసులే."

"కాదత్తయ్యా. ఆగండి. నన్నే చెప్పనివ్వండి." ఆమె ఊపిరి తీసుకుంది. "వె... వెళ్తాం. రెండేళ్ళ పాటు."

అత్తగారు నోరు తెరిచింది, మూసింది. "నీ మాటలన్నీ ఇన్నాళ్ళూ నేనే చెప్పేశానా అమ్మాయ్?" అంది మెల్లగా.

"సగం. మిగతా సగం త... తప్పు చెప్పారు."

అత్తగారు పకపకా నవ్వి కోడల్ని దగ్గరకు లాక్కుంది. ఆ రోజు నుంచి కోడలు మాట్లాడుతుంటే ఆవిడ పెదవులు గట్టిగా బిగించుకుని కూర్చునేది. అదంత తేలిక కాదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసేది.

రెండేళ్ళన్నది నాలుగేళ్ళయింది. ఆసుపత్రి మూడో గది ఇప్పుడు ఆమెది. మాస్టారు ఆదివారాల్లో ఎనిమిది నిమిషాలు మాట్లాడతాడు, అదీ చిన్న చిన్న వాక్యాల్లో. జనానికి ఆ ఎనిమిది నిమిషాలూ గుర్తుంటాయట.

ఆమెకు ఆ భాష బాగా పట్టుబడింది. పట్టుబడేకొద్దీ కొత్తవాళ్ళ తడబాటు పోయి అసలు నత్తి బయటపడింది, ఈసారి వేరే అక్షరాల మీద. మొదటిసారి అలా ఆగిపోయినప్పుడు ఆమె ఉలిక్కిపడి డాక్టరమ్మ వైపు చూసింది. డాక్టరమ్మ రోగి కంట్లో మందు వేస్తూ, "తొందరేం లేదు, కానివ్వు" అంది తలెత్తకుండానే. ఆమె తీరిగ్గా కానిచ్చింది.