సిలువ మార్గంలో నిలదీశాను

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మేం మంచిర్యాలలో ఉండేవాళ్లం. మా బావ చనిపోగానే ఆయన అన్న జోజప్ప మా అక్కను, ఆమె బిడ్డను ఇంట్లోంచి వెళ్లగొట్టాడు. ఆ ఏడు ఉపవాసాలుండే తపస్సు కాలంలో మా గుడివాళ్లు సిలువ మార్గం ప్రదర్శన పెట్టారు. జోజప్పకు క్రీస్తు వేషం, నాకు ఆయన ముఖం తుడిచే వెరోనికమ్మ వేషం ఇచ్చారు.

శుభ శుక్రవారం ఎర్రటి ఎండలో జోజప్ప సిలువ మోస్తూ వచ్చి నా ముందు ఆగాడు. నేను బట్ట చాపలేదు.

"తుడువు పిల్లా," అన్నాడు మెల్లగా.

"మా అక్కను ఇంట్లకు రానియ్యి పెద్దబావా. అప్పుడు తుడుస్త," అన్నాను అందరికీ వినబడేలా.

వెనక వస్తున్నవాళ్ల పాట ఆగిపోయింది. ఆయన బరువు సిలువను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. చివరికి "రమ్మను," అన్నాడు. అప్పుడు తుడిచాను, గట్టిగా రుద్ది.

క్రీస్తు తిరిగి లేచిన పాస్క పండుగకు అక్క తన ఇంట్లోనే పొయ్యి వెలిగించింది. ఆయన్ను క్షమించమని ఫాదర్ గారు ఎన్నోసార్లు చెప్పారు. నాకింకా చేతకాలేదు.